పంతులమ్మ నేర్పిన మౌనం

పోయిన వారం మాస్టారిని ఆసుపత్రి గుమ్మంలో, ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు మెట్టు కింద ఉండగా విడిచి వచ్చాం. పెద్దమనిషిని వారం రోజులు అలా నిలబెట్టడం మర్యాద కాదు గానీ, ఆ మెట్టు ఎక్కడానికి ఆయనకు నిజంగానే అంత వ్యవధి కావలసి వచ్చేటట్టుంది. లోపల ఉన్న పశువైద్యురాలు ఆయన కోడలు. ఆయన చేతిలోని గొలుసు చివర ఉన్నది పంతులమ్మ.

వీధి చివర, ఎత్తు గోడల ఆవరణలో మాస్టారు కాపలా కుక్కలకు శిక్షణ ఇస్తారని మనకు తెలుసు. ఆయన విద్యకు ఆయువుపట్టు రెండే మాటలు. ‘నిలు’ అంటే కుక్క రాయైపోవాలి. ఎవరు తాకినా, నోరు తెరిచి పళ్ళు చూసినా, కాలెత్తి పట్టుకున్నా కదలకూడదు, మూలగకూడదు. ‘చాలు’ అంటే బడి విడిచినట్టు. ఈ రెండో మాట సాయంత్రం మెడపట్టీలు విప్పాక, ఆవరణ గేటు లోపల మాత్రమే వినిపిస్తుంది. పరాయి చోట ఆ మాట విన్న కుక్క మళ్ళీ పనికి రాదని మాస్టారి సిద్ధాంతం. కొత్తగా వచ్చిన కుక్కలు ఈ పాఠాన్ని ఆయన దగ్గర కంటే ఆ ముసలి కుక్క దగ్గరే త్వరగా నేర్చుకునేవి. దాని పక్కన నిలబెడితే దాన్ని చూసి తామూ నిలబడేవి. పంతులమ్మ అన్న పేరు అలా వచ్చింది.

ఆదివారం జరగబోయే పోటీలో పంతులమ్మ చివరిసారి బరిలోకి దిగి, ఆ పైన విశ్రాంతి తీసుకోవాలన్నది మాస్టారి కోరిక. అయితే రేబిస్ టీకా గడువు దాటిందని పోటీవాళ్ళు దరఖాస్తు తిప్పి పంపారు. ఎప్పుడూ టీకాలు వేసే ముసలి డాక్టరు వృత్తి మానుకున్నాడు. ఇక మిగిలింది కోడలి ఆసుపత్రి. స్వెట్టర్లు తొడుక్కునే కుక్కల కోసం పెట్టిన ఆసుపత్రి అది అని మాస్టారు భోజనాల దగ్గర అన్నారు ఒకప్పుడు, ఆ కోడలు వడ్డిస్తుండగానే.

అదే భోజనాల దగ్గర ఇంకొకటి కూడా జరిగింది. ఎదిగిన కుక్కలకు పార్వో లాంటి కొన్ని జబ్బుల టీకాలు మూడేళ్ళకోసారి వేసినా సరిపోతుందని కోడలు చెప్పడం మొదలుపెట్టింది. అంతవరకు విని మాస్టారు చేయి కడుక్కోవడానికి లేచారు. తాను ఎప్పటినుంచో అనుకుంటున్నదాన్నే చదువుకున్న పిల్ల చెప్పిందన్న తృప్తిలో, ఆ మాటకు రెండో సగం ఉండవచ్చునని ఆయనకు తోచలేదు. నాటి నుంచి ఆవరణలో అన్ని కుక్కలకూ అన్ని టీకాలూ మూడేళ్ళకోసారే. ఏటా చేయించే పరీక్ష సంగతి సరేసరి. రోజూ నా కళ్ళ ముందు తిరిగేదాని గురించి ఏడాదికోసారి చూసేవాళ్ళు నాకేం చెబుతారని ఆయన అడిగేవారు. ఎవరూ జవాబు చెప్పేవారు కారు. జవాబు లేదు గనుకనే చెప్పడం లేదని ఆయన అనుకునేవారు.

ఆయనకు ఎదురు చెప్పే మనిషి ఆ ఇంట్లో ఒక్కరే, ఆయన భార్య. కుక్కలకు నేర్పిన మౌనం తనకూ నేర్పాలని ఈయన పెళ్ళైన నాటి నుంచీ తంటాలు పడుతున్నారనీ, తాను మాత్రం ఇంకా మొదటి తరగతి దాటలేదనీ ఆవిడ వచ్చినవాళ్ళందరికీ చెబుతుంటారు. మాస్టారు గేటు దాటి వెళ్ళినా, తిరిగి వచ్చినా వంటగది కిటికీలోంచి ఒక చురక తగలవలసిందే. ఆ ఉదయం ఆయన గొలుసు పట్టుకుని కోడలి ఆసుపత్రికి బయలుదేరినప్పుడు మాత్రం కిటికీలోంచి ఏ మాటా రాలేదు. ఇంతటి అవకాశాన్ని ఆవిడ చేజేతులా వదులుకోవడం మాస్టారికి వింతగా తోచింది. జాలిపడి ఊరుకుందనుకున్నారు. ఆ జాలి ఆయనకు చురక కంటే ఎక్కువ గుచ్చుకుంది.

సరే, రెండో కాలు కూడా మెట్టెక్కింది.

లోపల బెంచీల మీద మనుషులు, వాళ్ళ కాళ్ళ దగ్గర బుట్టలు, బుట్టల్లో పిల్లులు. ఒకావిడ ఒళ్ళో గుప్పెడంత కుక్క ఇల్లెగిరిపోయేలా అరుస్తోంది. మాస్టారు గోడవారగా నిలబడి పెదవి కదిలీ కదలనట్టు ‘నిలు’ అన్నారు. పంతులమ్మ నిలబడింది. బుట్టలోంచి పిల్లి బుసకొట్టింది, అది చెవి కూడా తిప్పలేదు. గది గదంతా నెమ్మదిగా దానివైపు తిరిగింది. మాస్టారు అలవాటైన రుచిని మళ్ళీ చవిచూశారు. తన పొగడ్త తాను వింటే మనిషికి సిగ్గు వేస్తుంది. తన చేతిపనిని ఎవరైనా నోరు తెరుచుకుని చూస్తుంటే ఆ సిగ్గు కూడా ఉండదు.

“ఏం పెడతారండీ దీనికి?” అని అడిగింది ఒళ్ళో కుక్క ఉన్నావిడ.

“పెట్టడంలో ఏముందమ్మా, నేర్పడంలో ఉంది” అన్నారు మాస్టారు.

ఇంతలో లోపలి గది తలుపు తెరుచుకుంది. మామగారిని అక్కడ చూసి కోడలు ఆశ్చర్యపోతుందని, ఆ ఆశ్చర్యాన్ని తాను పెద్దమనసుతో పట్టించుకోకుండా ఉండాలని మాస్టారు దారిపొడుగునా సిద్ధపడి వచ్చారు. ఆమె ఆశ్చర్యపోలేదు. రండి మామయ్యా అని, వరసలో ఆయన కంటే ముందున్నవాళ్ళను పిలిచి, వాళ్ళ పని అయ్యాకే ఆయన్ను లోపలికి తీసుకువెళ్ళింది. ఇంటి మనిషినని ముందు పిలవనందుకు మాస్టారికి కోపం రావలసింది. కానీ తాను మాత్రం ఎవరి కుక్కనైనా వరస తప్పించి చూస్తారా? ఆయన ఆ కోపాన్ని పుట్టకముందే మింగేశారు.

సూది ఒకటి వేసి కాగితం రాసిమ్మని ఆయన అడిగారు. ముందు చూస్తానని ఆమె అంది. రోజూ చూస్తూనే ఉన్నానుగా అని ఆయన అన్నారు.

“మీరు చూసేది దాని పని, మామయ్యా. నేను దాన్ని చూస్తాను.”

ఆమె గొంతులో పొగరు లేదు, బతిమాలడం కూడా లేదు. మాస్టారు ‘నిలు’ అన్నారు. పంతులమ్మ బల్ల మీద నాలుగు కాళ్ళూ సమంగా మోపి నిలబడింది.

చేతులు చూసి మనిషిని అంచనా కట్టడం మాస్టారి అలవాటు. భయపడే చేతిని కుక్క పసిగడుతుంది, తొందరపడే చేతిని అసహ్యించుకుంటుంది. కోడలి చేతులు వడ్డించేటప్పుడు తప్ప ఆయన ఎన్నడూ పరీక్షగా చూడలేదు. ఇప్పుడు చూశారు. ఆ చేతులు చెవుల వెనుక మొదలై, మెడ కిందుగా, పక్కటెముకల మీదుగా, ఎక్కడా విడవకుండా నీళ్ళలా సాగుతున్నాయి. పళ్ళు చూసినప్పుడు పెదవిని లాగలేదు, ఎత్తింది. కుక్క కంటికి కనిపించకుండా వెనుక నుంచి ఒక్కసారి కూడా తాకలేదు. ఇవి నేర్చుకున్న చేతులు. ఇలాంటి చేతులు తన ఆవరణలో ఒక్కరికైనా ఉంటే బాగుండునని ఆయన ఎన్నేళ్ళుగానో అనుకుంటున్నారు.

ఆమె థర్మామీటరు తీసి చూసింది. మళ్ళీ పెట్టి మళ్ళీ చూసింది.

“జ్వరం ఉంది. ఎక్కువగానే ఉంది.”

ఎండలో నడిచి వచ్చిందని మాస్టారు అన్నారు. ఎండ వేడి అంత ఉండదని ఆమె అంది. కుక్కను చూడమని, జ్వరమున్న కుక్క ఇలా నిలబడుతుందా అని ఆయన అడిగారు. ఆ ప్రశ్నలో ఆయన జీవితమంతా ఉంది.

“థర్మామీటరుకి మీరు పాఠం చెప్పలేదు కదా మామయ్యా” అంది కోడలు. అని, నవ్వలేదు.

జ్వరం మీద టీకా వేయనని ఆమె స్పష్టంగా చెప్పింది. ఆ తరువాత నీళ్ళు ఎక్కువ తాగుతోందా అని అడిగింది. మాస్టారు తాగుతోందనబోయి ఆగారు. నాలుగు రోజులుగా పంతులమ్మ తొట్టి దగ్గరే ఉంటోంది. ఎండలు ముదిరాయనుకున్నారు. మొన్న శిక్షణ కోసం పెట్టిన చెక్కబల్ల మీదికి దూకమంటే ఒక్క క్షణం ఆలస్యం చేసింది. వయసు మీదపడిందని గద్దించారు. గద్దించగానే దూకింది. ఇవన్నీ ఆయన చూసినవే. ఒక్కటీ ఆయన కన్నుగప్పి జరగలేదు. ఒక్కొక్క రోజూ దానికి ముందు రోజులాగే ఉంది. మార్పు ఏ రోజులోనూ లేదు, రోజుకూ రోజుకూ నడుమ ఎక్కడో ఉంది. రోజూ చూసేవాడు ఆ నడుమ నిలబడి చూడలేడు.

కోడలు పొట్ట నొక్కి చూసింది. వెన్నెముక పొడుగునా వేళ్ళతో అదిమింది. తొడ కండరాలు పిసికింది. పంతులమ్మ ఎదురుగోడను చూస్తూ నిలబడింది.

“చూశావా? ఎక్కడా ఏమీ లేదు” అన్నారు మాస్టారు. ఆయనకు తెలియకుండానే ఛాతీ కొంచెం పొంగింది.

“అదే నాకు నచ్చలేదు. ఇంత జ్వరంలో ఒళ్ళు అదిమితే ఎక్కడో ఒకచోట కండ బిగుసుకోవాలి. కనీసం కళ్ళు మూయాలి. ఇది నాకేమీ చెప్పట్లేదు మామయ్యా. చెప్పొద్దని మీరన్నారు, అందుకని చెప్పట్లేదు.” ఆమె చేతులు కుక్క వీపు మీదే ఉంచి ఆయనకేసి చూసింది. “ఆ మాట అనండి.”

“ఏ మాట?”

“సాయంత్రం గేటు దగ్గర అంటారే, అది. మనింటి మేడ మీద కిటికీలోంచి రోజూ వింటాను. ఆ మాట తరువాత వాటి అరుపులు వినడం నాకిష్టం.”

ఇది గేటు కాదు, ఇది సాయంత్రం కాదు. బల్ల మీద ఉన్నది ఆదివారం నాడు పదిమంది ముందు చివరిసారి నిలబడవలసిన కుక్క. ఇక్కడ ఆ మాట అంటే ఆ నిలకడకు బీట పడుతుందన్న వాదన మాస్టారి నాలుక చివర సిద్ధంగా ఉంది. అయితే ఆయన తనకు తాను అబద్ధం చెప్పుకునే అలవాటు లేని మనిషి. ఆ వాదన వెనుక ఇంకొకటి దాక్కుని ఉన్నట్టు ఆయనకు తెలుస్తూనే ఉంది. ఆ మాట అన్నాక పంతులమ్మ మూలిగితే? అప్పుడు ఇన్నాళ్ళూ అది లోలోపల మూలుగుతూనే ఉన్నట్టు. తాను పదిమందికి చూపించి గర్వపడిన నిలకడ, తన మాట కోసం అది పంటి బిగువున ఓర్చుకున్న నొప్పి అయినట్టు.

“చాలు” అన్నారు. ఆ మాట ఆయన గొంతులోంచి అంత చిన్నగా ఏనాడూ రాలేదు.

పంతులమ్మ చెవి ఒక్కటి కదిలింది. అంతే. ఎదురుగోడను చూస్తూనే ఉంది.

కోడలు ఎదురుచూసింది. మాస్టారికి ముందు అర్థం కాలేదు. తరువాత అర్థమైంది. మెడపట్టీ ఇంకా మెడకే ఉంది. పట్టీ ఉండగా ఆ మాట నమ్మకూడదని దానికి నేర్పింది తనే. ఆయన వంగి, కళ్ళద్దాల్లోంచి సరిగా కనిపించక తడుముకుంటూ, కట్టు విప్పి పట్టీ తీశారు. వెచ్చటి మెడ మీద, వెంట్రుకలు అరిగిన గీత మీద, అరచేయి పెట్టారు.

“చాలమ్మా. చాలు.”

పంతులమ్మ ఒక్కసారిగా ముసలిదైపోయింది. నాలుగు కాళ్ళూ నాలుగు వైపులకు జారాయి. తల తెచ్చి ఆయన ఛాతీకి ఆనించింది. కోడలి వేళ్ళు మళ్ళీ నడుము దగ్గరికి వచ్చి, వెన్నుకు ఇరుపక్కలా మెల్లగా అదిమాయి. అప్పుడు ఆ శబ్దం వచ్చింది. అది మొరగడం కాదు, ఏడవడం అనడానికి కూడా లేదు. బరువు మోసేవాడు దారిలో ఒకచోట మూట దింపినప్పుడు గొంతులోంచి వచ్చే ఊపిరి లాంటిది. పుట్టిన నాటి నుంచి పెంచిన కుక్క గొంతులో మాస్టారు మొదటిసారి విన్న శబ్దం.

“మూత్రపిండాల దగ్గర” అంది కోడలు. రబ్బరు తొడుగులు తెచ్చి తాను వేసుకుని, ఆయన్ను సబ్బుతో మోచేతుల దాకా చేతులు కడుక్కోమంది. ఎలుక జ్వరమని అనుమానమని, రక్తమూ మూత్రమూ పరీక్షిస్తే గానీ తేలదని, తేలేదాకా ఆగకుండా మందు మాత్రం ఇప్పుడే మొదలుపెడతానని, వేళకు పట్టుకుంటే కోలుకునే జబ్బేనని చెప్పింది. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళ వల్ల వస్తుందట. కుక్కల నుంచి మనుషులకూ అంటుకుంటుందట.

“దీనికి టీకా లేదా?” అని అడిగారు మాస్టారు.

“ఉంది మామయ్యా. అది ఒక్క ఏడాదే పనిచేస్తుంది. మిగతావాటితో కలిపి మూడేళ్ళు ఆపకూడదని ఆ రోజు చెప్పబోయాను. మీరు చెయ్యి కడుక్కోవడానికి లేచారు.”

ఆమె మాటలో దెప్పు లేదు. ఉంటే ఆయనకు తేలికగా ఉండేది. మాస్టారు చేతులు తుడుచుకుని, గోడ దగ్గరి స్టూలు లాక్కుని కూర్చున్నారు.

“ఇప్పుడు కూర్చున్నాను. మొదటినుంచి చెప్పు తల్లీ.”

ఆమె ఒక చేత్తో కుక్కకు సెలైను ఎక్కిస్తూ చెప్పింది. పిల్లలకు తల్లిపాల రక్షణ తగ్గేదాకా విడతలు విడతలుగా ఎందుకు వేయాలో, ఎదిగాక ఏది మూడేళ్ళు ఆగుతుందో, ఏది ఆగదో, పోటీవాళ్ళు అడిగే రేబిస్ లెక్క ఏమిటో, టీకా లేని ఏడాది కూడా పరీక్ష ఎందుకు మానకూడదో చెప్పింది. ముసలివాటిని ఏడాదికి రెండుసార్లు తీసుకురమ్మంది. మాస్టారు ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. వింటూండగా ఆయన లోపల ఒక పాత పరిచితమైన పొంగు మొదలైంది. ఇంత బాధలో అదేమిటో ఆయనకు వెంటనే పోలిక దొరకలేదు. బాగా నేర్చిన కుక్క పదిమందిలో నిలబడ్డప్పుడు కలిగేదే అది. తేడా ఏమిటంటే, ఈ పిల్లకు తాను నేర్పినది ఏమీ లేదు. తాను నేర్పనిదాని మీద కూడా మనిషికి గర్వం కలగవచ్చునని, అది కొంచెం శుభ్రమైన గర్వమని ఆయనకు ఆ స్టూలు మీద తెలిసింది.

చివరికి ఆమె అడగవలసింది అడిగింది. “ఆవరణలో అన్నీ ఒకే తొట్టిలో తాగుతాయి కదా?”

ఆయన తలూపారు.

“అన్నీ పంతులమ్మ దగ్గరే నేర్చుకున్నాయి కదా?”

మాస్టారు లేచి నిలబడ్డారు.

పంతులమ్మను ఆసుపత్రిలోనే ఉంచి, సంచీ సర్దుకుని కోడలు ఆయన వెంట బయలుదేరింది. ఖాళీ మెడపట్టీ మాస్టారి చేతిలో ఊగుతోంది. దారిలో ఎదురైన చెప్పుల దుకాణం యజమాని ఆదివారం పోటీ ఎన్నింటికని అడిగాడు. ఈసారి మేం వెళ్ళడం లేదని మాస్టారు చెప్పారు. ఆ మాట అంటే నోరు పెగలదేమో అనుకున్నారు గానీ, పెగిలింది.

గేటు గడియ చప్పుడుకే కుక్కలన్నీ గోడవారగా వరసకట్టాయి. ఒక్కటీ మొరగలేదు. ఎక్కడెక్కడి నుంచో వచ్చి మనుషులు మెచ్చుకుపోయిన మౌనం అది. ఆ మౌనంలోకి అడుగుపెడితే సొంత ఇంట్లోకి వచ్చినట్టుండేది మాస్టారికి. ఇవాళ ఆయన ఒక్క మూలుగు కోసం చెవి ఒగ్గి నిలబడ్డారు. ఏ కుక్క ఏం దాస్తోందో ఆ వరసలో ఎవరు చెప్పగలరు? అన్నీ ఒకేలా ఉన్నాయి. అన్నీ బ్రహ్మాండంగా ఉన్నాయి.

సాయంత్రానికి ఇంకా పొద్దుంది. ఆయన ఒక్కొక్కదాని మెడపట్టీ విప్పుతూ వెళ్ళారు. కోడలు తొడుగులు వేసుకుని వెనుకే వచ్చింది.

“చాలు” అన్నారు మాస్టారు.

వరస విచ్చుకుంది. తోకలు, అరుపులు, దుమ్ము. ఒకటి మరొకదాని మీద పడి దొర్లింది. చివరన నల్లది, అందరూ మానిటరని పిలిచేది, పంతులమ్మ తరువాత దాని చోటు తీసుకోవలసినది, అది మాత్రం కదలలేదు. నాలుగు కాళ్ళ మీద తిన్నగా నిలబడే ఉంది. ఎంత గొప్ప నిలకడ అని మాస్టారి మనసు ఒక్క క్షణం, పాత అలవాటు కొద్దీ, పొంగిపోయింది. మరుక్షణం దాని తొడలు సన్నగా వణకడం కనిపించింది. అది నిలబడటం లేదు. కదలలేకపోతోంది.

కోడలు అప్పటికే దాని పక్కన మోకాళ్ళ మీద ఉంది. వేళ్ళు నడుము దగ్గర పెట్టి, తల ఎత్తకుండానే అడిగింది.

“ఈ తొట్టి కడిగేదెవరు మామయ్యా?”

రోజూ మీ అత్తయ్యేనని చెప్పబోయి, మాస్టారు వంటగది కిటికీకేసి చూశారు. గేటు తీసి లోపలికి వచ్చి ఎంతసేపైంది? కుక్కలు అంత గోల చేశాయి. కోడలితో కలిసి, ఖాళీ పట్టీ పట్టుకుని, మధ్యాహ్నంపూట వచ్చారు తను. హెడ్మాస్టారు బడి ఎగ్గొట్టారేమని ఈపాటికి నాలుగు చురకలు తగలవలసింది. ఉదయం కూడా ఏమీ అనలేదు. నిన్న రాత్రి ఆవిడ కాళ్ళు లాగుతున్నాయని ముసుగు తన్ని పడుకుంటే, ఆయన దీపం ఆర్పేసి ఊరుకున్నారు.

కిటికీ తెరిచే ఉంది. లోపలి నుంచి ఏ చప్పుడూ లేదు.

మాస్టారు ఇంటివైపు పరుగెత్తారు. కుక్కల మౌనాన్ని విప్పే మాట ఆయన దగ్గర ఉంది. ఈ మౌనానికి ఏ మాట ఉందో ఆయనకు తెలియదు.